రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్న ఆడవాళ్ల గాభరా, దిగులు కొలవడం ఎలా?

నర్సింగ్ విద్యార్థులు, సోషల్ వర్క్ చదివేవాళ్లు, క్యాన్సర్ వార్డుల్లో సేవ చేసే వాలంటీర్లు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: "ఏ ఫారం వాడాలి? ఎన్ని మార్కులొస్తే డిప్రెషన్ అనాలి?" ఫారం ఎంచుకోవడం సులువే. మార్కులు కూడడం ఇంకా సులువు. కష్టమైనవి రెండున్నాయి. చికిత్సలో ఉన్న ఆవిడ నిజం చెప్పగలిగే పరిస్థితి కల్పించాలి. వచ్చిన అంకె ఎక్కువగా ఉంటే అదే రోజు ఆవిడను ఎవరో ఒకరి దగ్గరికి చేర్చాలి. అందుకే కూడికల కంటే వీటి గురించే ఇక్కడ ఎక్కువ రాశాను.

విశాఖను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆస్పత్రి), అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి, ఎంవీపీ కాలనీ వైపు ఆస్పత్రులకు నగరంవాళ్లే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు నుంచి కూడా వస్తారు. తెల్లవారకముందే బయల్దేరి, టోకెన్ కోసం నిలబడి, సాయంత్రం బస్సో రైలో అందుకోవాలని కంగారుపడే మనిషిని మనం ప్రశ్నలు అడుగుతున్నాం. ఆ సంగతి మరిచిపోతే ఎంత మంచి ఫారమైనా పనికిరాదు.

ఇంకో మాట. ఈ ఫారాలు జబ్బును నిర్ధారించవు. ఎవరిని సైకియాట్రిస్టుకు చూపించాలో వడపోసి చెబుతాయి, అంతే.

కావలసినవి

- ప్రశ్నల ఫారం తెలుగు ప్రతి. సొంతంగా అనువదించినది వద్దు
- నాలుగు జవాబులు పెద్ద అక్షరాలతో రాసిన అట్ట
- తలుపో తెరో ఉన్న చోటు, రెండు కుర్చీలు, తాగడానికి నీళ్లు
- ఆవిడ కేసు షీటు చూడటానికి అనుమతి (ఎన్నో కీమో, ఏ మందులు అన్నది తెలియాలి)
- ప్రాజెక్టు కోసమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం
- సైకియాట్రీ విభాగంలో ఫోన్ ఎత్తే ఒక మనిషి నంబరు

చివరిది దొరికేదాకా పని మొదలుపెట్టకండి.

1. పంపే దారి ముందే సిద్ధం చేసుకోండి

మీ ఆస్పత్రిలో సైకియాట్రిస్టు గానీ సైకాలజిస్టు గానీ ఉన్నారా, ఏ రోజుల్లో ఉంటారు, ఎంత సమయంలో చూడగలరు అన్నది వెళ్లి మాట్లాడుకోండి. లేకపోతే కేజీహెచ్ సైకియాట్రీ విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. ఇల్లు దూరమైనవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసి ఇవ్వండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అయితే నంబరు చేతిలో పెట్టి పంపేస్తే సరిపోదు. మొదటి ఫోన్ మీ ఎదుటే చేయించండి.

"చచ్చిపోవాలనిపిస్తోంది" అని ఎవరైనా అంటే ఆ నిమిషంలో ఎవరిని పిలవాలి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి ఉండాలి.

2. ఫారం ఎంచుకోండి

పీహెచ్‌క్యూ-9 అన్న తొమ్మిది ప్రశ్నల ఫారం దిగులుకు, జీఏడీ-7 అన్న ఏడు ప్రశ్నల ఫారం గాభరాకు. రెండూ ఉచితం, తెలుగు ప్రతులు కూడా దొరుకుతాయి. గత రెండు వారాల గురించి అడుగుతాయి. ప్రతి ప్రశ్నకు 0 నుంచి 3. రెండూ కలిపి పది, పదిహేను నిమిషాల్లో అయిపోతాయి.

హాడ్స్ (హాస్పిటల్ యాంగ్జైటీ అండ్ డిప్రెషన్ స్కేల్) ఇంకో ఫారం. ఇందులో 14 ప్రశ్నలుంటాయి. ఏడు గాభరాకు, ఏడు దిగులుకు. 1983లో ఆస్పత్రి రోగుల కోసమే తయారుచేశారు. నీరసం, ఆకలి, నిద్ర లాంటి ఒంటి లక్షణాలను చాలావరకు పక్కనపెట్టడం దీని గొప్ప. కీమో తీసుకునేవాళ్లలో అది బాగా పనికొస్తుంది. గత వారం గురించే అడుగుతుంది. కానీ దీనికి హక్కుదారులున్నారు. వాడాలంటే వాళ్ల అనుమతి తీసుకోవాలి, తెలుగు ప్రతి కూడా వాళ్లనే అడగాలి. ఎవరో ఫోన్లో పంపిన జిరాక్సు కాపీ వాడకండి.

డిస్ట్రెస్ థర్మామీటర్ అన్నిటికంటే చిన్నది. థర్మామీటర్ బొమ్మ మీద 0 నుంచి 10 వరకు తన మనసు బాధ ఎంతో ఆవిడే చూపిస్తారు. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే మరింత వివరంగా అడగాలి. రద్దీ ఓపీలో ముందు ఇది, తర్వాత అవసరమైనవాళ్లకు పెద్ద ఫారం అన్నది మంచి పద్ధతి.

నా సలహా: వార్డులో రోజువారీ వాడకానికి పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7. పరిశోధనకు, అనుమతి దొరికితే, హాడ్స్. మూడూ ఒకే రోజు ఒకే మనిషి మీద పెట్టకండి. సగంలోనే విసిగిపోయి అన్నిటికీ "లేదు" అనేస్తారు.

3. ఆవిడకు జబ్బు గురించి ఎంత తెలుసో ముందు తెలుసుకోండి

మన ఇళ్లల్లో ఇంకా చాలామందికి క్యాన్సర్ అని చెప్పరు. "గడ్డ తీయించాం, మళ్లీ రాకుండా ఇంజెక్షన్లు" అంటారు. కాబట్టి ముందు ఆవిణ్నే అడగండి: "అమ్మా, దేనికి వైద్యం చేస్తున్నామని డాక్టరుగారు చెప్పారు?" ఆవిడ ఏ మాట వాడితే మీరూ అదే మాట వాడండి.

ఫారం పైన "రొమ్ము క్యాన్సర్ రోగుల్లో డిప్రెషన్" అని అచ్చేసి ఉంటే ఆ పేజీ చేతికివ్వగానే మీరే నిజం బయటపెట్టినట్టు. శీర్షిక "ఆరోగ్యం, మనసు గురించి కొన్ని ప్రశ్నలు" అని ఉంటే చాలు. పరిశోధనైతే సమ్మతి పత్రంలో జబ్బు పేరు దాచడానికి వీల్లేదు. అందుకని తన జబ్బు తెలిసినవాళ్లనే తీసుకోండి. తెలియనివాళ్లను వదిలేశామన్న సంగతి రిపోర్టులో రాయండి.

4. రోజు, సమయం చూసుకోండి

కీమో వేసిన రోజు, ఆ తర్వాత రెండు మూడు రోజులు వద్దు. వాంతులు, అలర్జీ రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వల్ల నిద్ర పట్టదు, మనసు ఉరుకులు పెడుతుంది. అప్పుడు కొలిస్తే మందు ప్రభావాన్నే కొలిచినట్టు అవుతుంది. మూడు వారాలకోసారి కీమో అయితే, తర్వాతి కీమోకు ముందు రక్తపరీక్షకు వచ్చే రోజు బాగుంటుంది. స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చే రోజు ఎవరికైనా గుండె దడే. తప్పనిసరైతే అడగండి, కానీ ఆ సంగతి ఫారం మీద రాసిపెట్టండి.

టోకెన్ పిలుస్తారేమోనని చెవులు అటే ఉన్న మనిషిని కూర్చోబెట్టకండి. "మీ నంబరు వస్తే నేను చూసుకుంటాను" అని చెప్పి, నిజంగా చూసుకోండి.

5. ఆవిడతో ఒంటరిగా మాట్లాడండి

అన్నిటికంటే ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. పక్కన భర్త ఉంటే "ఏం లేదండి, బాగానే ఉన్నాను" అంటారు. కూతురుంటే పిల్ల బెంగపడుతుందని దాస్తారు. అత్తగారుంటే ఇక చెప్పనక్కర్లేదు. కొన్నిసార్లు ఆవిడ నోరు తెరవకముందే కొడుకు జవాబు చెప్పేస్తాడు: "మా అమ్మ చాలా ధైర్యస్తురాలండి, టెన్షన్ పడదు." అతను ప్రేమతోనే అంటాడు. ఆ మాట తర్వాత ఆ తల్లి "నాకు భయంగా ఉంది" అని ఎలా చెప్పగలదు?

వెంట వచ్చినవాళ్లను కసిరి పంపకండి. "ఈ ప్రశ్నలు అందరినీ విడిగానే అడుగుతాం బాబూ, పావుగంటలో పిలుస్తాను" అని మామూలుగా చెప్పండి. ఇంకో మంచి దారి, వాళ్లకూ బయట ఒక ఫారం ఇవ్వడం. నెలల తరబడి వెంట తిరిగేవాళ్లకూ దిగులు ఉంటుంది, వాళ్లను అడిగేవాళ్లే ఉండరు. ఆవిడే "మా అమ్మాయిని ఉండనివ్వండి" అని అడిగితే ఉండనివ్వండి, కానీ "తోడు ఉన్నారు" అని రాయండి.

ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లలో తెలుగు అర్థమైనా మనసులో మాట తెలుగులో చెప్పలేనివాళ్లు ఉంటారు. ఒడిశా నుంచి వచ్చేవాళ్ల సంగతీ అంతే. అప్పుడు దుబాసీ కావాలి. బంధువు వద్దు. ఆ భాష తెలిసిన ఆడ సిబ్బంది ఎవరైనా మేలు.

6. అడగండి

ఇలా మొదలుపెట్టవచ్చు:

"అమ్మా, ఈ మందులు వాడేటప్పుడు చాలామందికి గాభరా, బెంగ, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మీకెలా ఉందో తెలిస్తే డాక్టరుగారికి చెప్పి సాయం చేయించవచ్చు. ఇందులో తప్పు జవాబులు ఉండవు. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. దానివల్ల మీ వైద్యం ఆగదు."

ఆ చివరి వాక్యం వదలకండి. ఆస్పత్రిలో ఎవరు కాగితం పట్టుకొచ్చినా, కాదంటే ప్రభుత్వ వైద్యసేవ కార్డు మీద ఉచితంగా ఇచ్చే మందులు ఆగిపోతాయేమోనని భయపడేవాళ్లు ఉన్నారు.

చదవగలిగినవాళ్లను వాళ్లనే నింపనివ్వండి. చదవలేనివాళ్లకు ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు, ఒకే గొంతుతో చదవండి. "మీకు దిగులేం లేదు కదా?" అని అడిగితే ఎవరైనా "లేదు" అనే అంటారు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అదే చదవండి. అప్పటికీ కాకపోతే చిన్న వివరణ ఇవ్వండి, ఇచ్చినట్టు గుర్తు పెట్టుకోండి.

"రెండు వారాలు" అన్నది గాలిలో మాటలా ఉంటుంది. దానికి ఒక గుర్తు కట్టండి. "మొన్నటి అమావాస్య నుంచి ఈ పౌర్ణమి దాకా" అంటే పల్లెటూరి పెద్దావిడకు వెంటనే అందుతుంది. తిథి కుదరనప్పుడు "కిందటి ఆదివారం కాదు, దాని ముందు ఆదివారం నుంచి" అనండి. తర్వాత అట్ట చూపించండి: ఒక్కరోజూ లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు ప్రతిరోజూ.

"ఏటోనమ్మా, అలా గడిచిపోతంది" అన్నది జవాబు కాదు. మీరు దాన్ని 1గా మార్చేయకూడదు. "ఇన్ని రోజుల్లో ఎన్ని రోజులు అలా అనిపించింది?" అని నెమ్మదిగా మళ్లీ అడగండి. అన్నిటికీ "లేదు" అంటూనే కళ్లు తుడుచుకుంటుంటే జవాబును దిద్దకండి. పక్కన రాయండి: "ప్రశ్నలు అడుగుతున్నప్పుడు ఏడ్చారు." డాక్టరుకు ఆ ఒక్క ముక్క చాలాసార్లు మొత్తం మార్కు కంటే ఎక్కువ చెబుతుంది.

ఫారం అయిపోయాక పెన్ను కింద పెట్టి "ఇంకేమైనా చెప్పాలని ఉందా అక్కా?" అని అడగండి. జుట్టు ఊడిపోవడం, తీసేసిన రొమ్ము, భర్త దగ్గరికి రాకపోవడం, పిల్ల పెళ్లి, తీర్చాల్సిన అప్పు అప్పుడే బయటికొస్తాయి. వీటిలో ఏదీ పీహెచ్‌క్యూలో లేదు.

7. చావు గురించిన ప్రశ్న

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదోది ఇదే. చాలామంది దీన్ని దాటేస్తారు, లేదా గబగబా గొణిగేస్తారు. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అడగడం వల్ల అలాంటి ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు అడిగినందుకు బరువు దిగుతుంది.

జవాబు 0 తప్ప ఏదైనా సరే, మొత్తం మార్కు ఎంత తక్కువైనా సరే, ఇలా చేయండి:

- ఫారం పక్కన పెట్టండి. ఆవిణ్ని ఒంటరిగా వదలకండి.
- సూటిగా అడగండి: "చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా, లేక ఏదైనా చేసుకోవాలని అనుకుంటున్నారా? ఎలా చేసుకోవాలని అనుకున్నారు? ఇంట్లో అలాంటి వస్తువు ఉందా?"
- "ఇది నా దగ్గరే దాచుకోలేనమ్మా, డాక్టరుగారికి చెప్పాలి" అని ముందుగా ఆవిడకే చెప్పండి. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి.
- ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించండి. ప్రమాదం ఎదుటే ఉంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మీరు ఆస్పత్రి బయట ఉంటే 108.
- ఇంట్లో పురుగుమందు, నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు ఎవరి చేతిలో ఉండాలో కుటుంబంతో మాట్లాడండి.

"ఇలా చెబితే పోలీసు కేసవుతుందా?" అని కొందరు అడుగుతారు. మనసులో ఆలోచన చెప్పుకోవడం నేరం కాదు. ధైర్యంగా అలాగే చెప్పండి.

8. కూడండి

పీహెచ్‌క్యూ-9 మొత్తం 27. 5 నుంచి 9 కొద్దిపాటి, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 మధ్యస్థం కంటే ఎక్కువ, 20 నుంచి తీవ్రం. 10 వస్తే పంపాలి. చివర రోజువారీ పనులు ఎంత కష్టమయ్యాయని అడిగే ప్రశ్నను మొత్తంలో కలపకూడదు.

జీఏడీ-7 మొత్తం 21. 5, 10, 15 దగ్గర గీతలు, అంటే కొద్దిపాటి, మధ్యస్థం, తీవ్రం అక్కడ మొదలవుతాయి. ఇక్కడా 10 వస్తే పంపాలి.

హాడ్స్‌లో ఒక్కో భాగం 21కి. 7 వరకు మామూలు, 8 నుంచి 10 సరిహద్దు, 11 నుంచి గట్టిగా అనుమానించాలి. జాగ్రత్త: అన్ని ప్రశ్నలకూ మొదటి జవాబు 0 కాదు. కొన్నిటికి మొదటిది 3. దాంతో పాటు వచ్చే మార్కుల పట్టిక చూడకుండా కూడకండి. రెండు భాగాలను విడివిడిగానే చూపండి.

జవాబు ఒకటి ఖాళీగా ఉంటే మళ్లీ అడగడమే సరైనది. మనిషి వెళ్లిపోయి, అది హాడ్స్ అయితే, ఆ భాగంలో మిగతా ఆరింటి సగటును ఖాళీలో వేస్తారు. ఆరింటి మొత్తం 12 అయితే సగటు 2, అప్పుడు భాగం మొత్తం 14. రెండు ఖాళీలుంటే ఆ భాగం వదిలేయండి.

9. అంకె వెనక ఏముందో చూడండి

ఉదాహరణకు ఇద్దరికీ పీహెచ్‌క్యూలో 13 వచ్చిందనుకుందాం. మొదటావిడకు నిద్ర 3, నీరసం 3, ఆకలి 3, ఏకాగ్రత 2, మందకొడితనం 2. రెండో ఆవిడకు దేనిమీదా ఆసక్తి లేకపోవడం 3, దిగులు 3, తనను తాను నిందించుకోవడం 3, నిద్ర 2, నీరసం 1, ఏకాగ్రత 1. మార్కు ఒకటే. కానీ మొదటావిడ జవాబులన్నీ కీమో వల్ల కూడా రాగలవు. రెండో ఆవిడ జవాబుల్లో బరువంతా మనసు మీద ఉంది. మొదటి రెండు ప్రశ్నల్లో (ఆసక్తి లేకపోవడం, దిగులు) కనీసం ఒకదానికి 2 గానీ 3 గానీ ఉందా అన్నది ఎప్పుడూ చూడండి. డిప్రెషన్‌కు అవి మూల లక్షణాలు.

అలాగని మొదటావిడను "కీమో వల్లే లెండి" అని పంపేయకండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడమని క్యాన్సర్ డాక్టరును అడగండి. తర్వాతి కీమో ముందు మళ్లీ కొలవండి.

గాభరాలోనూ ఇలాంటి చిక్కులున్నాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కొందరిలో కాలు ఒకచోట నిలవనివ్వని అశాంతి తెస్తుంది. చూడటానికి అచ్చం గాభరాలాగే ఉంటుంది. హార్మోన్ మాత్రలతో ఒళ్లంతా వేడెక్కి చెమటలు పట్టి నిద్ర లేచేవాళ్లు ఉంటారు.

హెచ్చరిక: ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, జ్వరం, ఒక కాలు వాపు ఉంటే ఫారం తీయకండి. ముందు డాక్టరును పిలవండి. రక్తం గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్, గుండె మీద మందుల ప్రభావం కూడా "గాభరాగా ఉంది" అన్న మాటతోనే మొదలవుతాయి.

10. ఫలితం చెప్పండి, పంపండి

ఆవిడకు "మీకు డిప్రెషన్ ఉంది" అనకండి. "మీరు చెప్పినదాన్ని బట్టి మనసు బాగా అలసినట్టుంది. దీనికి వైద్యం ఉంది. ఫలానా డాక్టరమ్మ దగ్గర కూర్చుని మాట్లాడదాం" అనండి.

రెఫరల్ కాగితంలో మార్కు ఒక్కటే రాస్తే చాలదు. ఏ ఫారం, ఏ తేదీ, ఎన్నో కీమో తర్వాత, ఎక్కువ వచ్చిన జవాబులేవి, తొమ్మిదో ప్రశ్న జవాబు, వాడుతున్న మందులు రాయండి. టామాక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ మాత్ర) వాడుతుంటే పెద్ద అక్షరాలతో రాయండి. పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి కొన్ని డిప్రెషన్ మందులు శరీరంలో దాని పనిని తగ్గించగలవు. వేరే మందులున్నాయి, సైకియాట్రిస్టు చూసి ఎంచుకుంటారు. ఇప్పటికే వాడుతున్న మందును ఎవరూ సొంతంగా ఆపకూడదు.

11. మళ్లీ కొలవండి

ఒకసారి కొలిచి వదిలేస్తే సగం పనే. జబ్బు తెలిసినప్పుడు, వైద్యం మధ్యలో, చికిత్స అంతా అయ్యాక, ఆ తర్వాత చెకప్‌లకు వచ్చినప్పుడు అడగండి. చికిత్స ముగిసిన సమయాన్ని చాలామంది పట్టించుకోరు. ఇంట్లోవాళ్లు "హమ్మయ్య" అనుకుంటారు. ఆస్పత్రి రాకపోకలు ఆగిపోయి, మళ్లీ వస్తుందేమోనన్న భయం ఆవిడకు అప్పుడే మొదలవుతుంది.

ప్రతిసారీ అదే ఫారం, కీమో లెక్కలో అదే రోజు. పీహెచ్‌క్యూలో 5 మార్కులు తగ్గితే నిజంగా తేడా వచ్చిందని అనుకోవచ్చు. ఒకటి రెండు మార్కుల తేడాకు సంబరపడొద్దు, కంగారూ పడొద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పీహెచ్‌క్యూ గత రెండు వారాల గురించి అడుగుతుంది, హాడ్స్ గత వారం గురించి. రెండూ కలిపి వాడేవాళ్లు ఈ తేడా మరిచి అన్నీ ఒకే ఊపులో అడిగేస్తారు. వార్డులో పక్క మంచానికి వినబడేలా అడగడం మరొకటి. ఎక్కువ జవాబు చెప్పినప్పుడు "అయ్యో, అలా అనుకోకూడదమ్మా, దేవుడున్నాడు" అని ఓదార్చడం ఇంకొకటి. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట విన్నాక తర్వాతి ప్రశ్నలన్నిటికీ ఆవిడ మీకు నచ్చే జవాబే చెబుతారు. ఓదార్పు ఫారం అయ్యాక.

విద్యార్థులు చేసేది వేరే ఉంది. గడువు దగ్గరపడ్డాక ఒకే రోజు ఇరవై ముప్పై ఫారాలు నింపేస్తారు. చివరి పది ఫారాల్లో అడ్డంగా ఒకే గడిలో టిక్కులు కనిపిస్తాయి. చూసే గైడ్‌కు అది వెంటనే తెలిసిపోతుంది.

ఫలితం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

- ప్రతి జవాబూ 0–3 మధ్యే ఉందా? మొత్తం గరిష్ఠం దాటలేదు కదా?
- ప్రతి పది ఫారాల్లో ఒకటి ఇంకొకరితో మళ్లీ కూడించండి. తేడా వస్తే అన్నీ మళ్లీ కూడండి.
- తోడుతో అడిగినవాళ్ల మార్కులు, ఒంటరిగా అడిగినవాళ్ల మార్కులు విడదీసి చూడండి. తోడున్నవాళ్లందరికీ తక్కువొస్తుంటే తప్పు మీ గదిలో ఉంది.
- ఇద్దరు అడుగుతుంటే ఎవరి ఫారాల్లో సున్నాలు ఎక్కువున్నాయో చూడండి. ఎక్కువున్నవారు ఎలా అడుగుతున్నారో ఒకసారి పక్కన కూర్చుని వినండి.
- తొమ్మిదో ప్రశ్నకు 0 కానివాళ్లందరి పేర్ల ఎదుట ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు అన్నది ఉందా? ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఈ రోజే ఫోన్ చేయండి.

ప్రాజెక్టు రాసేటప్పుడు "ఇంత శాతం మందికి డిప్రెషన్ ఉంది" అని రాయకండి. "పీహెచ్‌క్యూ-9లో 10 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవారు ఇంతమంది" అని రాయండి. ఏ గీత వాడారో, ఏ రోజు కొలిచారో, ఎంతమంది వద్దన్నారో చెప్పండి. పేర్లున్న కాగితం, మార్కులున్న కాగితం వేర్వేరు బీరువాల్లో ఉండాలి. నింపిన ఫారాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. సందేహం వస్తే పేరు, ఊరు చెప్పకుండా గైడ్‌కు ఫోన్ చేసి అడగండి.